‘బాగానే ఉందమ్మా’ అన్న మాటను రికార్డు నుంచి కొట్టివేయించుట గురించి

శ్రీయుత ప్రత్యేకాధికారి వారి సముఖమునకు,
‘ఊరట’ కీళ్ళనొప్పుల ఆన్‌లైన్ తోడ్పాటు విభాగం, ఏలూరు.

భీమడోలు,
20-11-2025, గురువారం.

అయ్యా,

విషయం: నా భార్య తటవర్తి రత్నాంబ, వయస్సు 68, వరుసగా ఎనభైనాలుగు రోజులు మర్యాదకు చెప్పిన అబద్ధమును తమ యాప్ నిజమని నమోదు చేసుకొని సూదిమందు ఆపివేయుట – పేరు తిరిగి చేర్చమని కోరుట – గురించి.

ఈ అర్జీ రాయకూడదనే అనుకున్నాను. తమ కార్యాలయంలో అర్జీలు వేసే పెట్టెను మూడుసార్లు చూశాను. దానికి తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పగలవారు లేరు. అయితే నిన్న పొద్దున మా ఆవిడ కాఫీ గ్లాసును రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగడం చూశాక కలం తీశాను.

నేను తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో ముప్ఫై ఎనిమిదేళ్ళు కమీషన్ కొట్లో గుమాస్తాను. బడిలో చదివింది అయిదో తరగతి. మిగతాది పొట్లాల కాగితాల మీద చదువుకున్నాను. భాషలో ఎక్కడైనా ఉల్లి వాసన వస్తే మన్నించవలెను.

1. నా భార్యకు పదకొండేళ్ళుగా కీళ్ళవాతం. ప్రతి శుక్రవారం ఇక్కడి నర్సు సాయిదుర్గ ఇచ్చే సూదిమందు పుణ్యమా అని ఆమె చేతులు చేతుల్లా ఉండేవి. మొన్న జూలైలో తమవారు, మందు కావాలంటే ‘ఊరట’ యాప్‌లో చేరాలన్నారు. నొప్పిని ఎవరికి వారే నిర్వహించుకోవడం అది నేర్పుతుందట. చేరాము. ప్రతి ఉదయం ఏడింటికి ఫోనులోంచి ఒక ఆడపిల్ల గొంతు, “నమస్కారం రత్నాంబ గారూ! నేను మీ నిహారికని. ఈరోజు మీ నొప్పి ఎలా ఉంది?” అని అడుగుతుంది. నోటితో జవాబు చెప్పాలి. వేళ్ళు వంగనివాళ్ళకు వీలుగా ఉంటుందని అలా పెట్టారట. అంతవరకు ఆలోచించినవారికి నా నమస్కారం. అక్కడితో ఆలోచన ఆపినవారికి కూడా.

2. మా వైపు పరాయి మనిషి “ఎలా ఉన్నారండీ” అంటే “బాగున్నామండీ” అనాలి. అనకపోతే పెంపకం మీదికి వస్తుంది. ఏడుపూ మూలుగూ ఇంట్లోవాళ్ళ వాటా. ఏడింటికి ఒక్క నిమిషం ముందు వరకు రత్నాంబ నాతో, “చచ్చిపోతున్నానండీ! వేణ్ణీళ్ళ గుడ్డ తెమ్మంటే ఇదా తేవడం? ఇవి వేణ్ణీళ్ళా? మీ మొహం కడుక్కోండి వీటితో!” అంటుంది. ఫోను పలకగానే పమిట సర్దుకుని, “బాగానే ఉందమ్మా. నువ్వు టిఫిన్ చేశావా తల్లీ?” అంటుంది. “చాలా సంతోషం. మీ జవాబు నమోదు చేసుకున్నాను” అంటుంది నిహారిక.

ఒకనాడు “మీ నొప్పిని ఆకాశంలో సాగిపోయే మేఘంలా ఊహించుకోండి” అని పాఠం చెప్పింది. “మేఘం మా కొల్లేటి మీద ఆగిందంటే వరదేనమ్మా” అంది మా ఆవిడ. “చాలా సంతోషం” అంది నిహారిక.

3. ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, తమరు ఓపిక పట్టవలెను. మా మామగారికి ముదినేపల్లి దాటాక కొల్లేటి వైపు ఒక పల్లెలో కిరాణా కొట్టు ఉండేది. ఓ ఏడు వరదకి కొట్లోకి నడుంలోతు నీళ్ళొచ్చాయి. బెల్లం బస్తాలు కరిగిపోయి, ఆ వారం చేపలు తియ్యగా ఉన్నాయని ఊళ్ళో చెప్పుకున్నారు. నష్టం రాసుకోవడానికి ఒక అధికారి పడవ మీద వచ్చి “ఎలా ఉందండీ?” అని అడిగాడు. గల్లాపెట్టె మీద గొంతుక్కూర్చున్న మా మామగారు, “తమ దయవల్ల బాగానే ఉందండీ. తమరి భోజనం అయిందా?” అన్నారు. పడవ వెళ్ళిపోయింది. సాయం జాబితాలో ఆయన పేరు రాలేదు. పోయేదాకా ఆ అధికారి చాలా మర్యాదస్తుడనే చెప్పేవారు.

తమ దరఖాస్తులో ‘కుటుంబంలో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉన్నదా’ అని అడిగారు. లేదని రాశాను. తప్పు రాశాను.

4. ఎనభైనాలుగో రోజున ఫోనులో బంగారు కప్పు బొమ్మ వచ్చి, “అభినందనలు! మీరు నొప్పిని జయించారు” అంది. ఆ శుక్రవారం సాయిదుర్గ, “మీరు బాగుపడ్డారని వచ్చిందండీ, లిస్టులో పేరు తీసేశారు” అని సిరంజి పక్కన పెట్టేసింది. నేను ఏలూరు వచ్చాను. తమ కంప్యూటరు దగ్గర కూర్చునే సుమంత్ మంచివాడు, కుర్చీ చూపించాడు.

“ఎనభైనాలుగు రోజులూ బాగుందనే ఉందండీ, బాబాయిగారూ.”

“అది మర్యాదకన్న మాటయ్యా.”

“మర్యాదకి వేరే కాలమ్ లేదండీ.”

రెండోసారి సాక్ష్యం కింద రత్నాంబనే వెంటబెట్టుకొచ్చాను. కొంగ కాళ్ళలా ముడుచుకుపోయిన ఆ చేతుల్ని బల్ల మీద పెట్టించాను. సుమంత్ చూశాడు. వాడి మొహం మారింది. “ఎలా ఉందండీ, పిన్నిగారూ?” అన్నాడు.

“బాగానే ఉంది నాయనా. మా నిహారిక ఏదీ, కనబడదేం?”

సుమంత్ నా వంక చూశాడు. నేను కన్ను గీటాను. “లీవులో ఉందండీ” అన్నాడు.

5. కన్ను ఎందుకు గీటానో మనవి చేస్తాను. (ఈ అంశం ఆమెకు చదివి వినిపించబోవడం లేదు.) నిహారిక మనిషి కాదని నాకు మొదటి రోజే తెలుసు. చెప్పలేదు. యంత్రాన్ని టిఫిన్ చేశావా అని అడిగే పెళ్ళాం ఎంతమందికి దొరుకుతుంది? రైలుస్టేషను బెంచీ మీద రోజూ ఆ కథ చెప్పి నలుగుర్నీ నవ్వించాను. మొదటిసారి ఏలూరు బయలుదేరుతుంటే, నిహారికకి ఇమ్మని సున్నుండలు చేసింది. వేళ్ళు వంగక అరచేతులతో అదిమింది. ఉండలు కాలేదు, వడల్లా వచ్చాయి. పది చేయడానికి ఒక పూట పట్టింది. నాలుగు సుమంత్ తిన్నాడు. ఆరు నేను రైల్లో తిన్నాను. ఇంటికొచ్చి, “నెయ్యి బాగా పడిందని చెప్పమంది” అన్నాను. ఆ మాట నా చేత మూడుసార్లు చెప్పించుకుంది.

6. పేరు మళ్ళీ ఎక్కాలంటే ఇరవైఒక్క రోజులు వరుసగా, నొప్పి ఉందని ఆమె నోటితోనే చెప్పాలని, మూడోసారి వచ్చినప్పుడు తమవారు సెలవిచ్చారు. నేను చెబితే చెల్లదట, యాప్ గొంతు గుర్తుపడుతుందట. ఇంటికొచ్చి బతిమాలాను. “పొద్దున్నే పరాయి పిల్లకి నా ఏడుపు వినిపించమంటారా? అది మాత్రం ఏం చేస్తుంది పాపం” అంది. ఇప్పటికి ఏడు శుక్రవారాలు పోయాయి. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ అరచేతిలోకి దిగిపోయాయి. గోళ్ళు గుచ్చుకోకుండా మధ్యలో గుడ్డ పెడుతున్నాను.

ఉల్లిపాయ పైకి ఎర్రగా మెరుస్తూనే లోపల కుళ్ళుతుంది. అందుకే కొనేవాడు మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తాడు. నా ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో, ఉల్లిపాయని ‘ఎలా ఉన్నావు’ అని అడిగి బస్తా కుట్టించినవాణ్ణి చూడలేదు.

కాబట్టి తమరు ఒక మనిషిని భీమడోలు పంపవలెను. ఆ మనిషి ఆమెను ఏమీ అడగరాదు. చేతులు చూసి, చూసింది రాసుకుని వెళ్ళవలెను. మిగిలిన ఎనిమిది వేళ్ళు కూడా మూసుకోకముందే తమరు ఇది చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, పై రత్నాంబకు భర్త,
తటవర్తి కామరాజు.

బాధితురాలి వేలిముద్ర: (ఎడమ బొటనవేలు)

తా.క.: ముద్ర కోసం నిన్న సాయంత్రం, దాటేయవలసినవి దాటేసి, ఆమెకు చదివి వినిపించాను.

“నిహారిక పేరు తీసెయ్యండి. ఆ పిల్ల ఉద్యోగం పోతుంది” అంది.

“తియ్యడానికి లేదే.”

“అయితే నేను ముద్ర వెయ్యను.”

శుక్రవారం ఇంకొకటి పోతుందన్న భయంతో అసలు సంగతి చెప్పేశాను. “అది పిల్ల కాదే. అసలు మనిషే కాదు. ఫోనులో పెట్టిన గొంతు.”

ఫోను వంక చూసింది. తరవాత నా వంక చూసింది.

“మరి సున్నుండలు?”

“నేనే తిన్నాను.”

చెయ్యి చాపింది. బొటనవేలు నేనే తిప్పి అద్దాను. గీతలు సరిగా పడకపోతే అది వేలు తిన్నగా రాకపోవడం వల్లనని గమనించవలెను.

ఈ ఉదయం ఏడింటికి ఫోను మూడుసార్లు అడిగింది. ఆమె పలకలేదు. వేణ్ణీళ్ళ గుడ్డ పట్టుకెళ్ళి, ఎలా ఉందే అని నేనడిగాను. పమిట సర్దుకుంది.

“బాగానే ఉందండీ. మీరు టిఫిన్ చేశారా?” అంది.