మాస్కు కింద మీ అక్క గొంతు

రోలా, షార్జా
విభూది బుధవారం, 2005

ఏసుబాబూ,

ఉపవాస కాలానికి ముందు గోవావాళ్ళు కార్నివాల్ చేసుకుంటారు. మాస్కు వేసుకున్నవాడు ఎవరిని ఎగతాళి చేసినా కోపగించుకోకూడదన్నది వాళ్ళ ఆచారం. దాని చరిత్ర నీకన్నా నేనే ఎక్కువ చదివాను. చచ్చినవాళ్ళను ఆడించమని అందులో ఎక్కడా లేదు.

నిన్న వాళ్ళ కార్నివాల్లో నువ్వు మాస్కు పెట్టి, చీర కట్టి, పోయిన మీ అక్క గొంతుతో, "ఏవండోయ్, అన్నం తింటారా, పుస్తకాలే నవుల్తారా?" అన్నావు. హాలంతా నవ్వింది.

పొద్దున నుదుట బూడిదతో వచ్చి, "ఊరుకో బావా, తమాషాకి చేశాను, ఖలాస్" అన్నావు. నేను ఊరుకోను. నా సిఫారసుతో వీసా తెచ్చుకున్నావు గానీ సిగ్గు తెచ్చుకోలేదు.

అయితే నిన్నటికి ఆ గొంతు విని మూడేళ్ళయింది. శుక్రవారం రా. మాస్కు వద్దు, చీర వద్దు. గుమ్మం బయట నిలబడి ఆ మాట ఇంకోసారి అని పో. తలుపు మాత్రం తియ్యను.

తప్పని చుట్టరికంతో,
నీ బావ