తిరుమలేశ్ భట్టీ, నాలుగు రేవులు

ఫిల్మ్‌నగర్, హైదరాబాద్
11 నవంబర్ 2025, మంగళవారం
ఉదయం తొమ్మిది గంటలు

మిత్రుడు తిరుమలేశ్‌కు,

మౌళి నమస్కరించి రాసేది. నీలమ్మ చెల్లెమ్మకు నా ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం పద్ధతి. రాశాను కూడా, మళ్లీ కొట్టేశాను. నువ్వు క్షేమంగా లేవని నీలమ్మే ఫోన్లో చెప్పింది. నేను క్షేమంగా లేనని మా శాంత ఎదురుపడిన ప్రతివాళ్లకీ చెబుతోంది. ఇటలీ నుంచి వచ్చి నాలుగు రోజులైంది, ఈయన ఒక్క కుర్చీలో పది నిమిషాలు కూర్చోవడం లేదని దాని బాధ.

విషయం ముందే చెప్పేస్తాను. రేపు పొద్దున పది గంటలకి ఓనరు శేషారత్నం గారి మనుషులు వచ్చి మన పిజ్జా కొట్లో మట్టి భట్టీ పగలగొడతారట. ఆ చోట డ్రెస్సులు అద్దెకిచ్చే వాళ్లెవరో వస్తున్నారట. అగ్రిమెంటు నీ పేరు మీద ఉంది కాబట్టి నిన్ను అడిగారట, నువ్వు సరేనన్నావట. నా చేతిల బర్కత్ పోయింది, గా భట్టీ ఉంటే ఏంది, పోతే ఏంది అన్నావని నీలమ్మ చెప్పింది. ఆమె అడిగింది నన్ను, అన్నా నువ్వన్నా ఒక మాట చెప్పరాదే అని. నేను శేషారత్నం గారికి ఫోన్ చేస్తే, సంతకం పెట్టినతను వద్దంటే ఆపుతాను గానీ మీరెవరండీ అన్నారు. ఆవిడన్నది న్యాయమే. కాబట్టి ఆ మాట నువ్వే చెప్పాలి, రేపు పదిలోపు.

ఈ రోజుల్లో ఉత్తరమేంటి అంటావు. నా నంబరు నువ్వు బ్లాక్ చేసి ఏడు నెలలైంది. పోనీ ఎదురుగా వచ్చి చెప్పొచ్చు కదా అంటే, నా సంగతి నీకు తెలుసు. ఇరవై ఏళ్లుగా ప్రొడక్షన్ మేనేజర్‌ని. హీరో ఇంట్లో పడుకుని ఉంటే దారిలో ఉన్నారని డైరెక్టరుకి చెబుతాను. ఇక్కడ లైటు ఒక్కటీ వెలగకపోయినా షాట్ రెడీ అని హీరోకి చెబుతాను. ఎదురుగా మనిషి మొహం కనబడితే నా నోటికి నిజం రాదు.

ఇప్పుడు మన కొట్లోనే, గల్లాపెట్టె ఉండే బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. తాళం ఇంకా నా దగ్గరే ఉంది. నీ భట్టీ నా ఎదురుగా ఉంది. గోల్కొండ వైపు ఎక్కడో దొరికిన మట్టి, బెల్లం నీళ్లు, గడ్డి కలిపి మూడు వారాలు కాళ్లతో తొక్కావు. టోలిచౌకి బేకరీలో ఇరవై ఏళ్లు యూనిట్లకి బన్నులు కాల్చి, ఫోన్లో వీడియోలు చూసి పిజ్జా నేర్చుకున్న మొండివాడివి. ఇది రేపు మట్టికుప్ప అవుతుందట. ఇక్కడ కూర్చోలేకపోతున్నాను. లేస్తున్నాను.

జూబ్లీహిల్స్, ఆఫీసు
మధ్యాహ్నం పన్నెండున్నర

ఇక్కడైనా కుదురుగా రాద్దామనుకుంటే చెక్‌పోస్ట్ దగ్గరే ముప్పావు గంట పోయింది. సరే.

మన కొట్టు మొదలుపెట్టిన బుధవారం సంగతి తలుచుకోకుండా నీకు ఏమీ చెప్పలేను. మాఘమాసం, ముహూర్తం పదకొండూ పద్దెనిమిదికి. భట్టీకి పసుపు కుంకుమ పెట్టాం. ముహూర్తానికి ఆరు పిజ్జాలు కాల్చమన్నాను. దేవునికి ఒక్కటి సాలదా, ఆరెందుకు బై అని నవ్వావు. హారతి ఇచ్చాం. చీఫ్ గెస్టు, మా నిర్మాత వెంకటాచలం గారు మాత్రం రాలేదు. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం, అది దాటాక గానీ నిర్మాత గారు ఇంట్లోంచి అడుగు బయటపెట్టరు. ఆయన కారు ఆగేసరికి రెండుకి పది నిమిషాలు తక్కువ. కారు చూసి నువ్వు లోపల మళ్లీ కాల్చడం మొదలుపెట్టావు.

తర్వాత జరిగింది ఫిల్మ్‌నగర్ అంతా చూసింది. ఆయన కొరికారు, లాగారు. అది సాగింది గానీ తెగలేదు. పళ్ల మధ్య నుంచి తీసి అందరికీ చూపించి, ఏమయ్యా మౌళీ, ఇది తినేదా, నా కారు టైరుకి తొడిగేదా అన్నారు. నలభై మంది నవ్వారు. ఎవరో ఫోన్లో తీశారు. నువ్వు చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, పిండి నేనే కలిపిన సార్, తప్పు నాదే, జర మాఫ్ చేయుండ్రి అన్నావు. నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. మర్నాటి నుంచే నువ్వు పిండి మార్చేశావు. గట్టిగా కాల్చావు, బిస్కెట్‌లా చేశావు, నూనె పోశావు, చీజు కుమ్మరించావు. ఏం చేసినా టైరు కొట్టు అనే పేరు పోలేదు. రెండు నెలలకి షట్టర్ దించాం.

అక్టోబరులో వెంకటాచలం గారి సినిమాకి ఇటలీలో పాట. డైరెక్టరు గారికి ప్రతి చరణానికీ ఒక రేవు, వెనక ఒక ఓడ కావాలట. ఊళ్ల పేర్లు వినగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. కొట్టు నిలదొక్కుకున్నాక ఇద్దరం కలిసి ఓడలున్న ఊళ్లే తిరుగుదాం అనేవాడివి. ఓడ మీంచి దిగిన కూలికి కూసొని తినే టైం ఉండదు, నిలబడి తింటడు, గందుకే రేవుకాడ రొట్టె మంచిగుంటది అని నీ లెక్క. నువ్వు లేకుండా నేనొక్కణ్ణే తిరిగాను.

ఒక మాట దాచను. నీ కోసమని తిరగలేదు. నీ పిజ్జాలో తప్పు ఎక్కడుందో కనుక్కుందామని తిరిగాను. ఒక్క ఊళ్లోనైనా నీది తప్పని తేలితే నాకు నిద్ర పడుతుందని ఆశ.

మొదట జెనోవా. యూనిట్‌కి టిఫిన్లు పెట్టించి, వాళ్లు మేకప్‌లో ఉండగా రేవు సందుల్లోకి పరిగెత్తేవాణ్ణి. హోటలు పక్కన బొమ్మల బోర్డు పెట్టిన చోట ఒకటి తిన్నాను. చల్లారిన చపాతీ మీద కెచప్ రాసినట్టుంది. అసలు అక్కడి జనం పొద్దున్నే తినేది పిజ్జా కాదు, నూనె ఓడుతూ ఉప్పు చల్లిన మెత్తటి రొట్టె. దాన్ని కాఫీలో ముంచుకుని తింటున్నారు. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచేవాడివి నువ్వు చూస్తే చేతులు కలిపేవాడివి. బాగుంది. కానీ నేను వెతికింది అది కాదు. సగం తిని పరిగెత్తాను, డాన్సర్లు ఎండలో నిలబడి ఉన్నారు.

లివోర్నోలో శనగపిండితో పెద్ద పళ్లెంలో అట్టు కాల్చి, రొట్టె మధ్య పెట్టి ఇచ్చారు. పిజ్జా ఎక్కడ అని అడిగితే ముందు ఇది తిను అన్నట్టు చెయ్యి చూపించాడు కొట్టాయన. తిన్నాను. బాగుందని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు, వెతికేది ఇంకా దొరకలేదని చిరాకు. డాన్స్ మాస్టరు అసిస్టెంటు రష్మి నన్ను చూసి, సార్, మీరు తింటున్నారా, ఎవర్నైనా వెతుకుతున్నారా అని అడిగింది. ఆమె చేతిలోనూ ఒకటి పెట్టాను.

తర్వాత ఇటలీ అవతలి ఒడ్డుకి, బారి అనే ఊరికి వెళ్లాం. అక్కడ దొరికింది! పల్చగా, అంచు దాకా కరకరమంటూ, అప్పడంలా విరిగింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను తిరుమలేశ్. చూశావా, గట్టిగానే ఉండాలి, వాడిది మెత్తన, వాడిదే తప్పు అనుకున్నాను. ఆ మధ్యాహ్నం రెండు గంటలు హాయిగా పడుకున్నాను. నాలుగు రేవుల్లో నేను ప్రశాంతంగా ఉన్నది ఆ రెండు గంటలే.

ఆఫీసులో ఎవరో పిలుస్తున్నారు. మిగతాది బయటికి పోయి రాస్తాను.

టోలిచౌకి
సాయంత్రం నాలుగు

నువ్వు మళ్లీ చేరిన పాత బేకరీ ఎదురుగా, రోడ్డుకి ఇవతల కారులో కూర్చున్నాను. అద్దంలోంచి నువ్వు కనబడుతున్నావు. ట్రేల్లో పఫ్‌లు సర్దుతున్నావు. చిక్కిపోయావు.

ఆఖరిది నేపుల్స్. ఓడల కూత వినబడేంత దగ్గర్లో, సందులో ఒక ముసలామె కొట్టు. అరవై దాటి ఉంటాయి. నిమిషమున్నర కాల్చి, నాలుగు మడతలు పెట్టి, కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. అంచు పొంగి అక్కడక్కడా మాడింది. మధ్యలో పల్చగా, తడిగా ఉంది. కొరికాను. మా శ్రీనగర్ కాలనీ ఇంటి మేడ మీద ఇటుకలు పేర్చి నువ్వు ట్రయల్ చేసి పెట్టావే, అదే. అచ్చం అదే! ఆ పులుపు, ఆ మెత్తదనం, ఆ మాడు వాసన. ఇటలీ మొహం చూడనివాడివి, వీడియో చూసి ఎలా పట్టావురా దీన్ని? సందులో నిలబడిపోయాను.

నాకున్న అలవాటు కొద్దీ ఇంకో ముప్ఫై పార్సిల్ కావాలన్నాను. యూనిట్‌కి మధ్యాహ్నం రెండుకి బ్రేక్, అప్పటిదాకా హాట్ బాక్సులో పెడదామని. మా గైడు ఆమెకి అది చెప్పాడు. ఆమె రెండు చేతులూ ఊపుతూ నా మీద కేకలేసింది. ఏమంటోందని గైడుని అడిగితే, మీ వాళ్లని తీసుకొస్తే ఎంతమందికైనా చేస్తుందట, డబ్బాలో పెట్టడానికి మాత్రం ఒక్కటీ ఇవ్వదట అన్నాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి బ్రేక్ ముందుకి జరిపించాను. జరీ లంగాలు, తలపాగాలు వేసుకున్న డాన్సర్లందరినీ ఆ సందులోకి నడిపించాను. అందరూ నిలబడి, బట్టలకి అంటకుండా వంగి తిన్నారు. రష్మి మూడు తింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. కళ్లలోకి పొగ పోయిందని గైడుకి చెప్పాను.

కాబట్టి నాలుగు రేవులు తిరిగి నేను కనుక్కున్నది ఇది. నీ చేతిలో బర్కత్ ఎక్కడికీ పోలేదు. ఆ భట్టీలో తప్పు లేదు. పిండి మార్చకుండా ఉండాల్సింది నువ్వు. ఇది నా ఊహ కాదు, నా నాలుక మీద తెలిసింది. శేషారత్నం గారికి ఒక్క ఫోన్ చెయ్యి. తర్వాత నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు.

ఈ ఉత్తరం నీలమ్మ చేతికిస్తాను. ఐదింటికి నీకు టీ తెస్తుంది కదా, అప్పుడు ఇస్తుంది.

నీ వాడినని చెప్పుకునే హక్కు ఉందో లేదో తెలియని
మౌళి

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. ఇంత రాసి కూడా అసలుది రాయలేదు.

ఆ బుధవారం వెంకటాచలం గారు తిన్నది ఆయన కారు ఆగాక నువ్వు కాల్చిన పిజ్జా కాదు. ముహూర్తానికి కాల్చి హారతి ఇచ్చిన ఆరింట్లోది. దేవుడికి చూపించిందే మొదట నిర్మాత నోట్లో పడాలని, కొబ్బరికాయ కొట్టిన షాటే మంచి షాట్ అనుకునే మా సినిమా బుద్ధి నాది. యూనిట్‌కి ఉప్మా దాచినట్టు వాటిని రెండున్నర గంటలు హాట్ బాక్సులో మూతపెట్టి ఉంచాను, ఆవిరికి తడిసి రబ్బరైపోయాయి. నువ్వు కిటికీలోంచి నాకందించిన వేడివి నాలుగూ బయట కార్ల దగ్గరికి, డ్రైవర్లకి పంపించాను. ఆయన టైరు అన్నప్పుడే నాకు అర్థమైంది. చెబితే, నిర్మాతకి పొద్దుటిది పెట్టావా అని ఆయన కంపెనీలో నన్ను మళ్లీ అడుగు పెట్టనివ్వరు. నువ్వు మాఫ్ చేయమంటుంటే నోరు మూసుకున్నాను. ఇటలీ నాకు ఆ మౌనానికే దొరికింది.

మర్నాడు ఆ డ్రైవర్లలో ముగ్గురు మన కొట్టుకొచ్చారు, నిన్న చేసినాయన ఉన్నడా, మళ్ల గదే కావాలె అని. నువ్వు లోపల పిండి మార్చి కలుపుకుంటున్నావు. వాళ్లు నీతో మాట్లాడితే నా సంగతి బయటపడుతుందని, ఇవాళ కొట్టు లేదని చెప్పి గేటు దగ్గర్నుంచే పంపేశాను.

నన్ను ఏం చేస్తావో నీ ఇష్టం. కారులోనే ఉన్నాను, బయటికొస్తే కనబడతాను. కానీ ఒకటి తెలుసుకో. కొట్టు పెట్టిన రోజు నీ పిజ్జా నిజంగా తిన్నవాళ్లు ఎనిమిది మంది డ్రైవర్లు. ఎనిమిది మందీ ఇంకోటి అడిగారు.