పదిహేడో సూత్రం కింది లైను

కవాలా,
జూన్ 8, ఉదయం 8:50.

గౌరవనీయులైన అరిస్టిడిస్ మాస్టారికి,

స్టమాటిస్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, నా భార్య ఎవాంథియా, మీరు జ్ఞానస్నానం చేయించిన మా అమ్మాయి డనాయీ కుశలం. థాసోస్ దీవిలో తమరూ కుశలమని తలుస్తాను.

ఇంతవరకూ రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. తొమ్మిదేళ్లుగా మాటల్లేని వాళ్లం కదా, మర్యాదగా మొదలుపెడదామనుకున్నాను. కానీ నిన్ను 'తమరు' అనడానికి చెయ్యి మొరాయిస్తోంది. నా వల్ల కాదురా అరిస్టో. పాత పద్ధతిలోనే రాస్తాను, కోపమొస్తే చించెయ్యి.

బడి గేటు ఎదురుగా థోడొరోస్ కాఫీ కొట్టులో కూర్చుని ఉన్నాను. లోపల డనాయీ ఫిజిక్స్ పరీక్ష రాస్తోంది. ఇందులో తొంభై దాటితే గాని థెస్సలొనీకిలో పశువైద్యం సీటు రాదు. ఏడేళ్లప్పుడు కాలు విరిగిన నీటికాకిని రేవులోంచి ఒడిలో పెట్టుకు తెచ్చింది చూడు, అప్పట్నుంచీ దానికి అదే ధ్యాస.

"పరీక్ష రాసేది నువ్వా, మీ అమ్మాయా? ఆ కుర్చీ కాళ్లు ఊడితే నువ్వే బిగించాలి మాస్టారూ" అని థోడొరోస్ ఇప్పటికే రెండుసార్లు ఎగతాళి చేశాడు. నిజమే, కుదురుగా కూర్చోలేకపోతున్నాను. గేటు దాకా వెళ్తాను, వెనక్కి వస్తాను, మీ దీవికి వెళ్లే పడవ కదిలిందా అని చూస్తాను, మళ్లీ గేటు దాకా వెళ్తాను.

పొద్దున ఆ గేటు దగ్గరే డనాయీ నా చేతిలోంచి పసుపు కాగితం లాక్కుంది. నాలుగు మడతలు పెట్టి నా చొక్కా జేబులో కుక్కింది. "నువ్వే చదువుకో నాన్నా, నీకే అవసరం" అని లోపలికి వెళ్లిపోయింది.

పసుపు కాగితాన్ని నువ్వు మర్చిపోయి ఉండవు. మన ట్యూషన్ సెంటరు మూడో ఏట ఇద్దరం కలిసి తయారు చేశాం. అరవై నాలుగు సూత్రాలు, ఒక్క పేజీ. సూత్రం ఎలా పుట్టిందో తెలియనివాడికి దాన్ని వాడే హక్కు లేదని నువ్వు. పరీక్ష మూడు గంటలేరా నాయనా, కంఠతా పట్టిస్తే చాలని నేను. ఆఖరికి నువ్వే తగ్గి టైపు చేసిచ్చావు, నేను ప్రెస్సుకు పట్టుకెళ్లాను. పదిహేడోదానికి పాట కూడా కట్టాను: "బరువూ బరువూ గుణించు, రెండూ కూడి భాగించు, వేగాల తేడా వర్గించు, సగం చేసి సాధించు!" రెండు బండ్లు గుద్దుకుని అతుక్కుపోతే ఎంత శక్తి పోయిందో ఒక్క దెబ్బతో తేలిపోతుంది. నువ్వు చెవులు మూసుకునేవాడివి. పిల్లలు బల్లలు వాయించేవాళ్లు.

పుస్తకంలో లేని సూత్రాన్ని పుట్టించి చూపకుండా రాస్తే మార్కులు కోస్తారు. పదిహేడు పుస్తకంలో లేదు. ఆ హెచ్చరిక మన కాగితంలో లేదు. తొమ్మిదేళ్ల కిందట మన దగ్గర చదివిన ఫోటినీ మనల్ని నమ్మి పరీక్షలో సూత్రం రాసి, అంకెలు వేసి ఊరుకుంది. ఆరు మార్కులు పోయాయి, వాటితో వైద్యం సీటూ పోయింది. వాళ్లమ్మ మన గుమ్మంలో నిలబడి, "మీ కాగితం నమ్మి నా పిల్ల మునిగింది. ఆ ఒక్క ముక్క రాయడానికి మీకు చేతులు రాలేదా?" అని అడిగింది. నువ్వు తల వంచుకుని, "టైపు చేసింది నేనేనమ్మా. ఎలా మర్చిపోయానో తెలియడం లేదు" అన్నావు. నేను నీ భుజం తట్టి, తప్పులు అందరికీ జరుగుతాయన్నాను.

నెల తిరక్కుండా నువ్వు దీవిలో చిన్నపిల్లల బడికి వెళ్లిపోయావు. ప్రతి ఈస్టరుకీ డనాయీకి మాత్రం కొవ్వొత్తి పంపేవాడివి, గళ్ల కాగితంలో చుట్టి. జ్ఞానస్నానం చేయించిన జ్ఞానతండ్రికి ఈస్టరు కొవ్వొత్తి ఆచారం తప్పదు గనక పంపుతున్నావనుకున్నాను. రంగు కాగితం కూడా దొరకలేదా ఈ పిసినారికి అని ఆ చుట్టింది చించి అవతల పడేసేవాణ్ణి.

10:20.

ప్రశ్నలు బయటికొచ్చాయి. పక్క బల్ల ఆయన ఫోనులో చూశాను. చివరి ప్రశ్న: రెండు బండ్లు గుద్దుకుని అతుక్కుపోయాయి, ఎంత శక్తి పోయింది?

పదిహేడు, అరిస్టో!

ఇప్పుడు అచ్చేస్తున్న కాగితంలో హెచ్చరిక ఉంది. కానీ మా వంటింట్లో ఫ్రిజ్ మీద అతికించింది ఆ మొదటి అచ్చు. డనాయీ తొమ్మిదేళ్లప్పుడే పాలు తాగుతూ పాట నేర్చేసుకుంది. మొన్న ఈస్టరు ముందు వారం అడిగింది కూడా: "నాన్నా, ఈ పదిహేడు ఎక్కడినుంచి వచ్చింది?"

"నా జేబులోంచి. ముందు కంఠతా పట్టు, వేదాంతం పరీక్షయ్యాక."

"అయితే నీ జేబులోనే ఉంచుకో" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదు లైన్ల పని. గుద్దుకోకముందు ఎంత, తర్వాత ఎంత అని రాసి తీసేస్తే అయిపోయేది. పదిహేడు మాటెత్తితే నాకు ఫోటినీ వాళ్లమ్మ కనబడుతుంది, అందుకే తప్పించుకున్నాను. ఇప్పుడు గేటు దగ్గర నిలబడి అరిస్తే వినబడుతుందా? మూడు అంతస్తులు, కిటికీలన్నీ మూసేశారు. భయంగా ఉందిరా.

11:45.

వచ్చింది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. నేను నీళ్లు కూడా ఇవ్వకుండా, "పదిహేడు రాశావా?" అని మీద పడ్డాను.

"పాట గుర్తొచ్చింది నాన్నా. కానీ వర్గం ఉందో లేదో అనుమానమొచ్చింది. అందుకని మొదటినుంచి కట్టుకొచ్చా. ఉంది."

"కట్టుకొచ్చావా? ఎవరు నేర్పారే?"

"ఇంకెవరు, కొవ్వొత్తి ఆయన" అని నవ్వింది. ప్రతి ఏడూ నేను చించి పడేసిన ఆ గళ్ల కాగితాలు ఏరుకుని, ఇస్త్రీ చేసి దాచుకుందట. లోపలి వైపు ఏడాదికొక సూత్రం, అది పుట్టిన దారీ, నీ ముత్యాల్లాంటి చేతిరాతలో. ఈ ఏటిది పదిహేడు. "నువ్వు చించితే అతికించుకోవడానికి సాయంత్రమంతా పట్టేది నాన్నా" అంది.

నేను గేటు పక్కన మెట్టు మీద కూలబడి ఏడ్చాను. థోడొరోస్ చూశాడు, ఎగతాళి చెయ్యలేదు, నీళ్లు తెచ్చిచ్చాడు.

ఆదివారం పడవకి నీ దగ్గరికి వస్తానంటోంది. ఆ కాగితాలన్నీ తెస్తుందట. నన్ను రమ్మనలేదు. నువ్వు పిలిస్తే వస్తాను.

ఒకప్పటి నీ భాగస్వామి,
స్టమాటిస్

తా.క.: అసలు సంగతి రాయకుండానే సంతకం పెట్టేశాను. ప్రెస్సులో అచ్చు చూసినప్పుడు ఒక్క లైను వల్ల అరవై నాలుగో సూత్రం రెండో పేజీకి జారింది. ఒక్క పేజీ అని ఊరంతా చాటుకున్నవాణ్ణి. ఆ లైను నేనే కొట్టేయించాను. నీకు చెబితే ఒప్పుకోవని చెప్పలేదు. ఫోటినీ వాళ్లమ్మ ముందు నువ్వు తల వంచుకున్నప్పుడు కూడా నోరు తెరవలేదు. ఫోటినీ ఇప్పుడు మందుల కొట్టులో పనిచేస్తోంది, ఇక్కడినుంచి సరాసరి అక్కడికే వెళ్తున్నాను. నువ్వు టైపు చేసిచ్చిన కాగితం తొమ్మిదేళ్లుగా నా సొరుగులో తాళం వేసి ఉంచాను. పొద్దున తీసి వెంట తెచ్చుకున్నాను, ఈ కవరులో పెడుతున్నాను. పదిహేడో సూత్రం కింద చూడు: "పుట్టించి చూపకుండా దీన్ని వాడవద్దు." నువ్వు మర్చిపోలేదురా.