రెప్ప పొడిగా ఉంది

తమ్ముడికి, మరదలికి అక్క దీవెనలు. ఇక్కడ నాన్న, చెల్లి, నేను ముగ్గురం కులాసా. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. నాన్న మోకాలి సంగతి అడిగావు. మెట్లు బాగానే దిగుతున్నారు, ఎక్కేటప్పుడే మమ్మల్ని తిడుతున్నారు. నేను కళ్ళజోడు మార్చుకున్నాను. అది మార్చుకోబట్టే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

రెండుసార్లు రాశావు, నాన్న పాత కెమెరా జోలికి పోవద్దని, అద్దాల బీరువాలో పెట్టేయమని, ఆయనకి ఆ బాధ గుర్తుచేయవద్దని. పెట్టను. ఎందుకో గురువారం ఉదయం జరిగిన దగ్గర్నుంచి చెబుతాను.

ఆ రోజు ప్రార్థన ముగించి, ముందుగదిలో కుట్టుమిషను మీది గుడ్డ తీశాను. నాన్న స్టూడియోగా ఉన్న గదే, ఇప్పుడు నా కుట్టుపని గది. ఒక చొక్కాకి కాలరు వేయాల్సి ఉంది. దాన్ని పక్కన పెట్టి కెమెరా పెట్టె దించాను. ఫిల్ము లేదు. వెనక మూత తీసి, కిటికీ వైపు పట్టుకుని, లెన్సులోంచి చూస్తూ మీట నొక్కాను. పాత కళ్ళజోడుకి ఆనని షట్టరు రేకులు ఇప్పుడు తెరుచుకోవడం స్పష్టంగా కనపడింది. మూసుకోవడం మాత్రం, చిన్నప్పుడు బడికి లేవమంటే నువ్వు దుప్పటి తీసినంత బద్ధకంగా. నాన్న ఆ రేకుల్నే కదా 'రెప్ప' అనేవారు.

ఎదురు షాపు వాచీల మెకానిక్‌కి చూపించాను. "స్ప్రింగు పోయిందక్కా. ఇది ఇప్పుడు దేవుడి దగ్గర కూడా దొరకదు," అన్నాడు.

"దేవుణ్ణి నేను అడుగుతాలే. నువ్వు వాచీలు చూసుకో," అన్నాను.

మధ్యాహ్నం బల్ల మీద ఎండ పడింది. కెమెరాని అరగంట ఆ ఎండలో ఉంచి నొక్కితే రెప్ప ఠక్కున మూసుకుంది. నీడలో చల్లారనిచ్చి నొక్కితే మళ్ళీ బద్ధకం. స్ప్రింగు పోయుంటే ఎండలోనూ పనిచేయకూడదు. వేడికి కరిగి, చల్లబడితే పట్టుకునేది జిడ్డు. వెనక లెన్సు మర తిప్పి ఊడదీసి, పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి రేకులు తుడిచాను. దూది పసుపుగా వచ్చింది. ఆరనిచ్చి, నొక్కి, మళ్ళీ తుడిచాను. పన్నెండో పుల్లకి దూది తెల్లగా వచ్చింది.

ఆ పసుపు ఎక్కడిదో నాకు ఇరవై నాలుగేళ్ళుగా తెలుసు, తమ్ముడూ.

నీ పెళ్ళికి ముందురోజు నాన్న కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు నొక్కి, "రెప్ప పొడిగా ఉంది," అని బల్ల మీద పెట్టి వెళ్ళారు. నాకు తెలిసిన యంత్రం కుట్టుమిషనొక్కటే. అది పొడిగా ఉందంటే నూనె అడుగుతోందని అర్థం. పెళ్ళి పనుల్లో పడి మరిచిపోయారనుకుని, మిషను నూనె రెండు చుక్కలు వేశాను. ఆయన ఆ మాట మెచ్చుకుంటూ అన్నారని, రెప్పకి తడి తగలకూడదని తెలిసేసరికి నీ ఫోటోలు తెల్లగా పాలిపోయి, మొహాలు చెదిరి వచ్చాయి. పెళ్ళి సందడిలో షట్టరు చప్పుడు ఆయనకి వినపడలేదు. తర్వాత ఆ పెట్టే తెరవలేదు. చుట్టాలు "చెయ్యి వణికింది, ఇక మానుకోమనండి," అన్నారు. నువ్వూ అన్నావు. నాన్న నమ్మారు. నెల తిరక్కుండా స్టూడియో బోర్డు దించారు.

నేను రోజూ దేవుడికి చెప్పుకున్నాను, నాన్నకి చెప్పలేదు. దేవుడు తిరిగి ప్రశ్నలు వేయడు, అందుకే అది సులువు. నామీద కోపగించుకో, పడతాను. కానీ ఆ రోజు నాన్న చెయ్యి వణికిందని ఇక ఎవరన్నా ఊరుకోను. నువ్వన్నా సరే.

సాయంత్రం చెల్లి ఆఫీసు నుంచి వచ్చాక ఇద్దరి ముందూ చెప్పేశాను. "నువ్వా అక్కా," అని చెల్లి భుజానున్న సంచి దించకుండానే కూర్చుండిపోయింది. నాన్న చెయ్యి చాపారు. కెమెరా ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని షట్టరు వేగాలు మార్చి మార్చి నొక్కారు. సాయంత్రం ప్రార్థన వేళైనా నేను వెళ్ళలేదు, అక్కడే నిలబడ్డాను.

"రెప్ప పొడిగా ఉంది," అన్నారు. ఆగి, నావైపు చూసి, "బాగుందని అర్థం. నూనె డబ్బా ఉన్నచోటే ఉండనీ," అన్నారు.

అప్పుడే ముగ్గురం అనుకున్నాం. కెమెరా బీరువాలోకి వెళ్ళదు. మీ పెళ్ళి ఫోటో నాన్నే మళ్ళీ తీస్తారు.

"వాడి జుట్టు నెరిసింది నాన్నా," అంది చెల్లి.

"నెరవనీ. నా చెయ్యి ఇప్పుడు నిజంగానే వణుకుతోంది. దానికి స్టాండుంది, వాడికి రంగుంది," అన్నారు.

ఫిల్ము చెల్లి తెస్తుంది. మీ పెళ్ళిబట్టలు బయటికి తీయండి, బిగుతైతే కుట్లు నేను విప్పుతాను. కుదరదని మాత్రం రాయకు. రాస్తే స్టాండు భుజాన వేసుకుని ముగ్గురం మీ గుమ్మంలో దిగుతాం.

ఇట్లు,
ఆ రెండు చుక్కలూ వేసిన
మీ పెద్దక్క