దాదా సమాధి రాయి

ఫరీజ్ బిన్ మహమూద్ బస్తీ, దోహా

దాదీకి సలాం.

నువ్వు అడిగిన అరబ్బు నేల వాన నీళ్లు డాబా మీద గిన్నె పెట్టి పట్టాను. సీసా సెలవుకి ఊరొస్తున్న దానియాల్ భాయ్ తెస్తాడు. దాదా సమాధి రాయిని వాటితో కడుగు. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతో మాత్రం రుద్దకు, పులుపు ఆ రాయిని తినేస్తుంది.

చెల్లీ శిఫా, దాదీకి చదివి వినిపించేది ఇంతవరకే. మిగతాది నీకు.

సెలవులో తెచ్చుకున్న మన ఊరి వాన నీళ్లను మా ల్యాబ్‌లో పరీక్షించాను. ఆమ్లం ఉంది. పవర్ ప్లాంటులో బొగ్గు కాలిన పొగ మబ్బుల్లో కలిసి అలా కురుస్తోంది. చెరువులో చేపలు చావడం, చెట్ల ఆకులు మాడడం కూడా అందుకే. సమాధి మీది షాబాద్ బండ సున్నపురాయి కదా, ఆ వానకి కరిగిపోతోంది. కొత్తది వేయించినా అదే గతి.

ఇక్కడి దుమ్ములో సున్నం ఉంది కాబట్టి ఈ నీళ్లలో పులుపు లేదు. అంతేగాని, రాయి మీద చెరిగిపోయిన అక్షరాలను ఇవి తిరిగి తేలేవు.

చదువు రాని దాదీ ఆ పేరును వేలితో తడిమి చదువుకునేది. "మీ దాదా పేరు వేలికి తగుల్తలేదు బేటీ. అరబ్ వాన పోస్తే మల్ల లేస్తది" అని ఫోన్‌లో అంది. ఇంట్లో సైన్సు చదువుకున్నది నేనొక్కదాన్నే. అయినా కాదని చెప్పలేకపోయాను.

కడిగే రోజు నువ్వు పక్కనే ఉండు. వేలికి ఏమీ తగలనప్పుడు ఆమె చెయ్యి పట్టుకో.