ముందు చక్రాల ముచ్చట

మే 21
బండి వచ్చింది. కరీంనగర్ నుంచి ఇచ్చోడ దాంక నేనే నడుపుకుంట తెచ్చిన. నిర్మల్ ఘాట్ ఎక్కేటప్పుడు మా ఆయన పక్క సీట్ల రెండు చేతులతోని మీది కడ్డీ పట్టుకొని కూసున్నడు.

పాత పికప్పే. ఎవరో క్వారీల నడిపిన బండట. తలుపు మీద పెయింట్ పొక్కింది, సీటు చినిగింది. కానీ గేరు పక్కన ఇంకో చిన్న గేరు ఉన్నది. అది ఏస్తే ముందు చక్రాలు కూడ గుంజుతయ్. దానికోసమే తెచ్చుకున్న.

పోయినేడు మా టెంట్ హౌస్ పాత బండి వాగు బురదల దిగబడ్డది. గుట్ట మీది గూడెంల లచ్చుబాయి పెద్దబిడ్డ పెండ్లికి షామియానా అందలే. చుట్టాలు వానల నిలబడి బువ్వ తిన్నరు. లచ్చుబాయి నన్ను ఒక్క మాట అనలే. అనుంటే బాగుండు.

ఇప్పుడు చిన్నబిడ్డ పెండ్లి, జూన్ 12. మళ్ల నాకే చెప్పింది. "నువ్వే తెస్తవు కదక్కా."

తెస్త అన్న.

మే 22
రెండు చప్పుళ్లు.

ఒకటి గూ... అని, స్పీడు నలభై దాటినంక. ఘాట్ కాడనే ఇన్న, గాలి అనుకున్న. రెండోది చిన్న గేరు ఏస్తెనే — టక టక టక, ముందటి నుంచి. చేను బాటల పది గజాలు పోయి ఆపేసిన.

మా ఆయన: "చెప్పిన్నా లేదా. వాపస్ ఇచ్చేద్దాం."

పాత బండి వద్దని ముందే చెప్పిండు. నిజమే.

మే 23
గంగారాం అన్న షెడ్డుకు తీస్కపోయిన. ఇచ్చోడల ఏ బండి చెడినా ఆయన కాడికే. ఎక్కలే, నడుపలే. వంగి చూసిండు, లేచిండు. "ముందు చక్రాల ఇరుసు మొత్తం దించాలె చెల్లె. మళ్ల ఎక్కించేసరికి నెల పడ్తది."

"ఏం చెడ్డదో తెల్వకుంట దించుడేందన్నా?"

"దించితెనే తెలుస్తది."

నెల అంటే పెండ్లి దాటిపోతది. కోపం రావాలె. రాలే. ఆయనకూ తెల్వదు, నాకూ తెల్వదు. మరి నేనే ఎందుకు చూడొద్దు?

మే 24
సిరిసిల్లల బాపుకు ఫోన్ చేసిన. ముప్పై ఏండ్లు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, బాగుచేసిండు. మోటరు బండ్ల గురించి ఏం తెల్వదు, చప్పుళ్ల గురించి అడుగాలె. నలభై మగ్గాలు ఒక్కసారి నడిచే షెడ్డుల నిలబడి, ఏది పాడైందో చెవితోనే చెప్పేటోడు.

అంత ఇన్నడు. "ఎప్పుడు మోగుతదో అందరు చూస్తరు బిడ్డా. ఎప్పుడు మోగదో చూడు."

మే 26
పొద్దుగాల. హైవే ఖాళీ. చిన్న గేరు ముట్టుకోలే.

నలభై ఐదు — గూ. క్లచ్ తొక్కి, గేరు తీసి, బండిని ఉత్తగ ఉరికిచ్చిన. అయినా గూ. అంటే ఇంజన్ కాదు, గేరుబాక్సు కాదు. చక్రంతోని తిరిగేది ఏదో.

స్టీరింగు జర కుడికి... గూ పెరిగింది. ఎడమకు... ఆగింది.

ఆగింది.

మళ్ల చేసిన. ఆరుసార్లు. ఎనుక లారీవాడు ఒకటే హారన్. కుడికి తిప్పితే బండి బరువంత ఎడమ చక్రం మీద పడ్తది. బరువు పడ్డప్పుడే ఏడుస్తున్నది. ఎడమ ముందు చక్రం బేరింగు!

మా ఆయన చాయ్ తాగుతుండు. "నీకెట్ల తెలుసు?"

"ఇన్న."

మే 27
జాకీ ఏసి ఎడమ చక్రం లేపినం. మీద ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపిన. కదులుతున్నది — ఎక్కువ కాదు, కందిగింజంత. గంగారాం అన్న ఊకెనే అటు పోతున్నట్టు వచ్చి నిలబడ్డడు.

"బాల్ జాయింటు కూడ కావచ్చు గదా."

నాకు అది తట్టనే లేదు. జరసేపు మూతి ముడుచుకున్న. తర్వాత అడిగిన, మరి ఎట్ల తెలుస్తదన్నా?

నవ్విండు, నేను చూసుడు మొదటిసారి. "మీ ఆయనను బ్రేకు తొక్కుమను. బ్రేకు చక్రాన్ని బిగవట్టుకుంటది. అప్పుడు గూడ ఊగితే జాయింటు. ఊగుడు ఆగితే బేరింగు."

మా ఆయన లోపలికి ఎక్కిండు. "తొక్కినవా?"

"తొక్కిన."

ఊపిన. రాయి లెక్క ఉన్నది. మా ఆయన లోపటి నుంచి, "ఏమైంది, ఏమైంది" అంటుండు. గంగారాం అన్న పోయి పానాలు తెచ్చిండు.

మే 29
కొత్త బేరింగు. అరవై మీద పోయిన. ఏం లేదు. గాలి, టైర్లు, గంతే. ఇచ్చోడ దాటి ఊకెనే ఇంకో ఐదు కిలోమీటర్లు పోయొచ్చిన.

మే 30
పాత బేరింగు కిటికీల పెట్టిన. వచ్చినోళ్లందరి చేతుల పెట్టి తిప్పుమంటున్న. గరగర. మా ఆడబిడ్డ, "నీకు పిచ్చి లేసింది వదినె" అన్నది.

జూన్ 2
వాన పడ్డది. ఇగ టకటక సంగతి చూడాలె.

నల్ల రేగడి చేన్ల దించిన. చిన్న గేరు ఏసిన. మీటరు కాడ లైటు వెలిగింది. టక టక టక... ఎనుక చక్రాలు గిర్రున తిరిగి బురద ఎగజిమ్మినయ్. ముందు రెండూ నిలబడ్డయ్. మా ఆయన ఎనుకకు పోయి నూకబోయిండు. తల నుంచి కాళ్ల దాంక బురద, కండ్లు రెండే కనవడుతున్నయ్. నవ్వు ఆపుకుందామనుకున్న, నాతోని కాలే.

ట్రాక్టరు పెట్టి గుంజినం. పది రోజులున్నది.

జూన్ 3
కరీంనగర్ల ఈ బండి ఇప్పిచ్చిన యూసుఫ్ భాయ్‌కి ఫోన్ చేసిన. "చక్రం నడుమ గుండ్రటి బిళ్ల ఉంటది చూడు బేటీ. అది చేత్తోని తిప్పితే చక్రానికీ, లోపటి షాఫ్టుకూ తాళం పడ్తది. తిప్పినవా?"

చిన్న గేరు ఏసే ముందు రెండు చక్రాలయీ తిప్పిన అన్న.

"తిప్పుడు వేరు, తాళం పడుడు వేరు. లేపి చూడు. పరేషాన్ కాకు."

జూన్ 4
గంగారాం అన్న షెడ్డుల ముందు రెండు చక్రాలు లేపినం. కిందికి దూరి ఎల్లెలకల పండుకున్న. ముక్కు మీద ఇంజన్ మట్టి రాలుతున్నది.

మా ఆయనను కుడి బిళ్ల తిప్పి, చక్రం తిప్పుమన్న. షాఫ్టు తిరిగింది.

ఎడమ బిళ్ల తిప్పి, చక్రం తిప్పుమన్న. చక్రం తిరిగింది — షాఫ్టు కదలలే. టక టక టక. బిళ్ల లోపటి ఇనుప పండ్లు పట్టీ పట్టక జారుతున్నయ్.

దొరికింది. గుండె ఎంత కొట్టుకున్నదంటే టకటక ఏదో, గుండె ఏదో తెల్వలే.

కానీ కుడిది బాగానే ఉన్నది గదా, అదెందుకు గుంజదు? గంగారాం అన్న కూడ కిందికి దూరి నా పక్కకు పండుకున్నడు. నడుమనున్న ఇనుప గుండును చూపెట్టిండు. "బలం రెండు దిక్కులకు పోయేది ఇక్కడినుంచే. ఏ దిక్కు తేలికగ తిరిగితే ఆ దిక్కే పోతది. ఎడమది పట్టు ఇడిసింది, బలమంత అటే కారిపోతున్నది. కుడిది మంచిగున్నా లాభం లేదు."

"ఇరుసంత దించాలె అన్నవ్."

"అన్న. తప్పే."

ఎడమ బిళ్ల ఇప్పితే గ్రీజు ఎండి గట్టిపడ్డది. లోపటి స్ప్రింగు ఇరిగింది, పండ్లు అరిగినయ్. కొత్త సామాను యూసుఫ్ భాయ్ ఎతికి బస్సుల పంపుత అన్నడు.

జూన్ 6
సామాను రాలే. వాన.

జూన్ 7
లచ్చుబాయి ఫోన్. "వాగు వచ్చిందక్కా."

"ఎంత?"

"మోకాలు దాంక. ఒకవేళ నువ్వు రాకుంటే అని... ఆకు కొట్టి పెట్టినం, పందిరికి."

మెల్లగ చెప్పింది, నాకు బాధ కావద్దని. వస్త అని మళ్ల చెప్పిన. సామాను ఇంకా రాలే అని చెప్పలే.

జూన్ 9
పొద్దుగాల బస్సుకు వచ్చింది. అరచెయ్యంత డబ్బ. గంగారాం అన్న బిగిస్తుంటే ఒక్కొక్క బోల్టు నేను అందిచ్చిన. ఆఖరి బోల్టు నన్నే బిగియ్యమన్నడు.

అదే చేను, అదే బురద. నీళ్లు ఇంకా ఎక్కువున్నయ్. చిన్న గేరు ఏసిన. చప్పుడు లేదు. బండి కొంచెం వంగినట్టయింది... ముందు చక్రాలు పట్టుకున్నయ్. ఎవరో కొమ్ములు పట్టి గుంజుకపోయినట్టు పోయింది. గట్టు దాంక పోయిన, తిరిగిన, మళ్ల వచ్చిన. మా ఆయన గట్టు మీద నిలబడి రెండు చేతులు లేపిండు. ఆ మనిషి చేతులు లేపంగ నేను పెండ్లయినకాంచి చూడలే.

జూన్ 11
ఎక్కినం. షామియానా, రెండు వందల కుర్చీలు, వండే గంజులు, బగోనలు, అన్ని ఒక్కసారే. వాగు కాడ దిగి కట్టెతోని లోతు చూసిన. బిళ్లలు రెండూ తిప్పిన, చిన్న గేరు ఏసిన. నీళ్లు చక్రం సగం దాంక. నడుమ రాళ్ల మీద ఒకసారి జారింది, ఎమ్మటే ముందటిది పట్టుకొని పైకి గుంజింది.

గూడెం పిల్లలు సగం గుట్ట దాంక ఎదురొచ్చినరు. లచ్చుబాయి ఇంటి ముందు నిలబడి ఉన్నది. బండి దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "కాళ్లు కడుక్కో అక్కా, బువ్వ తిందువు" అన్నది. కొట్టి పెట్టిన ఆకు మేకలకు ఏసినరు.

జూన్ 12, పెండ్లిరోజు
పొద్దుగాల బండ్ల కూసొని రాస్తున్న. రాత్రంత వాన. షామియానా నిలబడ్డది, ఒక్క చుక్క కారలే. కింద చుట్టాలు, పొయ్యిల మీద గంజులు.

పెండ్లి పిల్లగాని వాళ్లు రాలే. వాళ్ల ట్రాక్టరు వాగు అవుతలి గట్టుకు దిగబడ్డదట, ఫోన్ వచ్చింది. లచ్చుబాయి వచ్చి తలుపు కాడ నిలబడ్డది. "పోతవా అక్కా?" అన్నది.

నీళ్లు నిన్నటికంటె జానెడు పెరిగినయ్. ఇంకొకటి, ఎవ్వరికీ చెప్పలే. నిన్న గుట్ట ఎక్కేటప్పుడు ఆఖరి మలుపుల స్టీరింగు నిండ కుడికి తిప్పితే ఎడమ దిక్కు కొత్త చప్పుడు. కట్... కట్... కట్. టకటక కాదు, అంతకంటె గట్టిగ. షాఫ్టు చివర ఉండే జాయింటు కావచ్చు. తిన్నగ పోతే మోగదు. కుడికి నిండ తిప్పితెనే. వాగు నడుమ నిండ కుడికి తిప్పే చోటు ఒకటున్నది.

జర ముందటినుంచే తిప్పుకుంట, వెడల్పుగ తిరిగితే... నిండ తిప్పే పని పడకపోవచ్చు. ఆ దిక్కు రాళ్లెట్లున్నయో తెల్వదు.

మా ఆయన లావు తాడు భుజం మీద ఏసుకొని వస్తుండు. దాన్ని ఎనుక పడేసిండు. పోయి బిళ్లలు రెండూ తిప్పిండు, వచ్చి పక్క సీట్ల కూసున్నడు. ఇగ రాసుడు ఆపి చిన్న గేరు ఏస్త.