పిల్లతల్లి జోలికి

అత్తయ్యగారికి,

ఉప్పాడ నుంచి మీ కోడలు దండాలు పెట్టి రాస్తున్నానండి. మీరు రోజూ తుని నుంచి ఫోన్ చేసి “రెండో బిడ్డ ఎప్పుడే” అంటున్నారు కదండీ. అందుకే ఈ ఉత్తరం.

మొన్న మీ అబ్బాయి వలలో డాల్ఫిన్ పిల్ల చిక్కింది. తల్లి పడవ చుట్టూ తిరుగుతుంటే చూడలేక కొత్త వల కోసి వదిలేశారు. డాల్ఫిన్‌కి కాన్పుకి ఒక్కటే పిల్లంట. అది పాలు మాని, సొంతంగా వేటాడేదాకా తల్లికి మళ్ళీ కడుపు పండదంట. లక్ష గుడ్లు పెట్టి వెనక్కి చూడకుండా పోవడానికి అదేమైనా చేపా అండీ?

కొత్త వల పాడైందని నేను సణిగితే, “పిల్లతల్లి జోలికి వెళ్ళకూడదని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది” అన్నారు.

ఎంత మంచి మాట నేర్పారండి.

మీ మనవరాలు ఇంకా పాలు మానలేదు.

ఇట్లు,
మీ పిల్లతల్లి కోడలు